పబ్బులో మా అత్తగారి శాలువా

పోయిన శనివారం మా ఊరి పబ్బుకి రంగులు వేశాం. వేయించాం అనకుండా వేశాం అన్నానని గమనించే ఉంటారు. ఆ పబ్బుకి యజమాని అంటూ ఒకడు లేడు. ఊళ్ళో వాటా ఉన్నవాళ్ళందరం యజమానులమే, కాబట్టి పనివాళ్ళమూ మేమే. నాకు కిటికీ చట్రాలు అప్పజెప్పారు. తలుపు పక్క గోడ మా పక్కింటి రైతుకి వచ్చింది. ఎనభై దాటినా నిచ్చెన ఎక్కుతానని పంతం పట్టే మనిషి ఆయన. కోట్లు తగిలించుకునే కొక్కేలన్నీ టకటకా ఊడదీసుకుంటూ వచ్చి, చివరి కొక్కెం దగ్గర ఆగిపోయాడు. దానికి ఊదారంగు ఉన్ని శాలువా ఒకటి వేలాడుతోంది. ఎండ తగిలి సగం వెలిసిపోయింది, అంచున లేసు అక్కడక్కడా పిగిలింది. "అది తీసేస్తే ఈ గోడ అయిపోతుంది, భోజనానికి లేవొచ్చు" అని అటునుంచి ఎవరో కేకేశారు. ఆయన శాలువా వైపు చూశాడు, చేతిలో బ్రష్షు వైపు చూశాడు, బ్రష్షు డబ్బాలో పెట్టేసి "మై హ్యాండ్ ఈజ్ నాట్ కమింగ్" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సరే, భోంచేసొచ్చి చూద్దాం అన్నారు.

సాయం చేద్దామని వచ్చిన ఒక స్టూడెంట్ అమ్మాయి, ఈ మధ్యనే తెనాలి నుంచి దిగింది, నా పక్కకి జరిగి "ఆంటీ, ఆయన మాట్లాడింది ఇంగ్లీషేనా? నాకు తెలుగులా వినపడిందేంటి?" అంది. "తెలుగేనమ్మా. మా అత్తగారి తెలుగు" అన్నాను. మిగతాది చెప్పేలోపు శాండ్‌విచ్‌లు వచ్చేశాయి. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

మాది కెనడాలో, వాటర్లూకి కాస్త దూరంలో, మొక్కజొన్న చేల మధ్య ఒక చర్చీ, ఒక గ్యాస్ స్టేషనూ, ఒక పబ్బూ ఉన్న ఊరు. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాటర్లూలోనే అయినా, పెరడున్న ఇల్లు కావాలని ఆశపడి ఇక్కడ కొనుక్కున్నాం. కొత్తలో ఆ పబ్బు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే నేను రోడ్డు దాటి అవతలి వైపున నడిచేదాన్ని. తప్పు నాది కాదు, ఆ మాటది. పబ్ అనగానే మనకి హైదరాబాద్‌లో అద్దాల మేడలూ, చెవులు దిబ్బళ్ళు పడే పాటలూ, మర్నాడు పేపర్లో మొహాలు దాచుకున్న ఫొటోలూ గుర్తొస్తాయి. ఇదేమో పాత ఇటుకల కట్టడం. కోసుగా పొడుగాటి కిటికీలు. అసలు ఓనరు పెద్దవాడై అమ్మకానికి పెడితే కొనేవాడు దొరకలేదట. అప్పటికే ఊళ్ళో బ్యాంకు మూసేశారు, స్కూలు ఎత్తేశారు, కిరాణా కొట్టు పోయింది. "ఇది కూడా పోతే ఇక మనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడానికి ఎవరో ఒకరు చావాలి" అని పక్కింటి రైతే మొదట అన్నాడట. ఊరంతా వాటాలు వేసుకుని కొనేశారు. వాటా పెద్దదైనా చిన్నదైనా మనిషికి ఒకటే ఓటు. అప్పటినుంచి అందులో ఊరివాళ్ళే వంతులవారీగా వడ్డిస్తారు, మధ్యాహ్నం సూప్ కాస్తారు, ఎవరింటి పార్సిల్ వచ్చినా దింపుకుని దాస్తారు. ఒక గోడ వారగా పాత పుస్తకాల బీరువా ఉంది. ఈ పబ్బులో బీరు కంటే బీరువాకే గిరాకీ ఎక్కువ అని మా ఆయన జోకు. వచ్చినవాళ్ళందరికీ ఆ జోకు చెప్తారు, తెలుగు రానివాళ్ళకి కూడా.

మావయ్యగారు పోయాక అత్తగారిని, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద, మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆవిడది నరసాపురం దగ్గర ఊరు. చేతిలో లేసు సూది లేకుండా నేనావిడని చూసింది ఒక్క చర్చిలోనే. ఆ లేసు అల్లే కంటితోనే, పెళ్ళిలో నా చీర అంచు చూసి, "ఇది మిషన్‌ది" అని మొదటి రోజే మొహం మీద చెప్పేశారు. అక్కడ చర్చి స్త్రీల సమాజానికి చాలాకాలం ప్రెసిడెంటు. వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని, చీపుళ్ళు పట్టుకుని సారా కొట్టు ముందు బైఠాయించి, దాన్ని మూయించిన మనిషి. చివరికి కొట్టుకి తాళం వేసింది ఆవిడ చేత్తోనే. ఆ సంగతి మాకు చెప్పేటప్పుడు కుడిచెయ్యి గాల్లో తిప్పి తాళం వేసి చూపించేవారు. "వేలంలో కొట్టు పాడుకున్న ఆ పాటదారుడు మా ఊరి మగాళ్ళ కూలి డబ్బులతో మేడ కట్టాడే అమ్మాయ్. మనిషి ఎంత తాగితే వాడికంత లాభం. ఇంకోటి పుచ్చుకోరా అనడమే గానీ చాలని ఏనాడన్నా అన్నాడా?" అనేవారు. ఇంత పెద్ద కథ ఉన్న మనిషికి ఇక్కడ దాన్ని చెప్పుకోవడానికి నేనూ గోడలూ తప్ప ఎవరూ లేకపోయారు. మా ఆయన లాప్‌టాప్‌లో ఉండేవారు, నేను డెంటల్ క్లినిక్‌లో రిసెప్షన్‌లో ఉండేదాన్ని, మా అమ్మాయి ఈవిడ తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులో జవాబిచ్చి స్కూలు బస్సెక్కేది. "ఈ దేశంలో మనుషులు కార్ల లోపలే పుడతారేంటే, బయట ఒక్కళ్ళు కనపడరు" అనేవారు. మొదటి చలికాలం సగంలో ఉండగానే, మంచు కరగగానే తనని పంపించెయ్యమని, ఇండియాలో కూతురి దగ్గర ఉంటానని కొడుకుతో ఖరాఖండిగా చెప్పేశారు. మా ఆయన మొహం వాడిపోయింది. తల్లిని దగ్గర పెట్టుకోవాలని ఎన్నేళ్ళుగానో కోరుకున్న మనిషి, టికెట్ల కోసం వెతకడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లోనే ఒక మంగళవారం ఉదయం ఆవిడ స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, పైన నా కోటు తగిలించుకుని నడకకి వెళ్ళి, ఎంతకీ తిరిగి రాలేదు. ఆ రోజు నాకు సెలవు. వెతుక్కుంటూ వెళ్తే పబ్బు కిటికీలోంచి కనపడ్డారు. లోపల ఊళ్ళో పెద్దావిడలందరూ ఊలు అల్లుకుంటూ కూర్చున్నారు, మధ్యలో మా అత్తగారు ఒకావిడ వేళ్ళు పట్టుకుని సూది తిప్పడం నేర్పిస్తున్నారు. భాష అక్కర్లేకపోయింది. ఇంటికొచ్చేటప్పుడు ఆవిడ మొహం వెలిగిపోతోంది. రాత్రి భోజనాల దగ్గర కూర్చోగానే, "ఇక్కడా స్త్రీల సమాజం ఉందని చెప్పారు కాదేంటే మీరు! హాలు చూడు, చర్చిలా ఎంత బాగుందో. వెనకాల సోడా మిషను కూడా పెట్టారు, ఇత్తడి కొళాయిలు తళతళలాడుతున్నాయి" అన్నారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన అన్నంలో పప్పు కలుపుకుంటూ "అవునమ్మా, పబ్లిక్ హాలే" అన్నారు. టికెట్ల వెతుకులాట ఆ రాత్రికి ఆగిపోయింది. మంగళవారాలు గడిచాయి. ఆవిడ ఆ కొళాయిలకి వీపు చేసి కూర్చునేవారు, సూప్ ముందు కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన చేసేవారు. మిగతావాళ్ళు చెంచాలు పట్టుకుని ఆమెన్ వచ్చేదాకా ఆగేవాళ్ళు.

ఎంతకాలమని దాగుతుంది? ఒక శుక్రవారం సాయంత్రం కళ్ళజోడు అక్కడ మర్చిపోయానని గుర్తొచ్చి, కొడుకుని కూడా పిలవకుండా తనే బయల్దేరారు. నేను వెనకాల పరిగెత్తాను. తలుపు తీసేసరికి సోడా కొళాయిల్లోంచి నురగలతో బీరు దిగుతోంది. ఆవిడ గుమ్మంలోనే కొయ్యబారిపోయారు. ఇక చీపురొక్కటే తక్కువ అనుకుని నేను దేవుణ్ణి తలుచుకున్నాను. అదే సమయానికి పక్కింటి రైతు ఇంకో గ్లాసు పొయ్యమని ఖాళీ గ్లాసు ముందుకి జరిపాడు. ఆ రోజు వడ్డించే వంతు అల్లికల ముఠాలో ఒకావిడది. ఆవిడ గ్లాసు తీసుకుని, కడిగి, బోర్లించేసి, "నీకు చాలు. సూప్ పోస్తాను, తాగి ఇంటికి నడిచి వెళ్ళు. ట్రక్కు రేపు తీసుకెళ్దువుగాని" అని తాళంచెవులు గల్లాలో పడేసింది. ఆయన గొణిగాడు, సూప్ తాగాడు. అత్తగారు కళ్ళజోడు తీసుకుని ఇంటికొచ్చేశారు.

ఆ వారమంతా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అబద్ధమాడినందుకు కొడుకు మీద అలిగారు, వంత పాడినందుకు నా మీద. మళ్ళీ మంగళవారం వచ్చింది. లేసు సంచీ పట్టుకుని నా ముందు నిలబడి, "అమ్మాయ్, అమ్మేవాళ్ళే చాలంటున్నారేంటే?" అన్నారు. ఆ కొట్టు మొత్తం ఊరిదేనని, రైతు ఎక్కువ తాగితే దానివల్ల లాభపడేవాడు ఎవరూ లేరని, అతను మంచం పడితే మాత్రం చూసుకోవాల్సింది వీళ్ళేనని నాకు తెలిసినంతలో చెప్పాను. ఆవిడ లేసు సంచీ భుజానికి తగిలించుకున్నారు. "అయితే పాటదారుడు లేడన్నమాట" అని చెప్పులేసుకున్నారు. మంచుబూట్లని ఆవిడ చివరిదాకా చెప్పులనే అన్నారు. ఆ రోజు నుంచి కొళాయిలకి ఎదురుగా కూర్చునేవారు, కాపలాకి కూర్చున్నట్టు. తను ఒక్క చుక్క ముట్టలేదు. కానీ గ్లాసుల అడుగు తడికి బల్లల మీద గుండ్రటి మచ్చలు పడుతుంటే చూడలేక, అన్ని బల్లలకీ లేసు బిళ్ళలు అల్లి ఇచ్చారు. బీరు గ్లాసుల కింద నరసాపురం లేసు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. ఆవిడ పుట్టినరోజుకి అల్లికల ముఠా అంతా కలిసి ఆవిడ పేరున ఒక వాటా తీసుకుని, రిబ్బను కట్టి చేతిలో పెట్టారు. అదేమిటో నేను విడమరిచి చెప్పాక, "ఓరి దేవుడా, నన్ను తాగుడుకొట్టుకి ఓనర్ని చేశారా! ఈ మాట మా పాస్టరమ్మగారి చెవిన పడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అని నెత్తి కొట్టుకున్నారు. ఆ కాగితాన్ని మాత్రం బైబిలు కవరులో భద్రంగా దాచుకున్నారు.

తర్వాత స్టూడెంట్ల వరద మొదలైంది. వాటర్లూలో గదులు దొరక్క, దొరికినా అద్దెలు అందక, మన పిల్లలు బస్సు తిరిగే ప్రతి ఊరికీ వ్యాపించారు. మా బేస్‌మెంట్‌లో నిజామాబాద్ అమ్మాయి ఒకతె దిగింది. అత్తగారిని అమ్మమ్మా అనేది, ఆవిడ చేత తల దువ్వించుకునేది. వాటర్లూ బస్సు పబ్బు ముందే ఆగుతుంది. చలికి వణుకుతూ రోడ్డు మీద నిలబడుతున్నారని పొద్దున పూట పబ్బు తలుపులు తెరిచిపెట్టడం మొదలుపెట్టారు. తలుపు తీసే వంతు అత్తగారు అడిగి మరీ పుచ్చుకున్నారు. అక్కడే ఆ ఊదారంగు శాలువా పుట్టింది. మన పిల్లలు చలికోటు కొనకుండా జీన్స్ జాకెట్‌తో తయారవుతారని ఒళ్ళు మండి అల్లారు. ఎవరు చలికి ముడుచుకుంటే వాళ్ళు కప్పుకోవాలి, బస్సు రాగానే కొక్కేనికి తగిలించి వెళ్ళాలి. మర్చిపోయి బస్సెక్కినవాళ్ళకి సాయంత్రం తిట్లు సిద్ధంగా ఉండేవి.

ఆ చలికాలమే పబ్బులో హీటింగ్ పాడైంది, పైకప్పు కారడం మొదలైంది. బాగుచేయించాలంటే తడిసి మోపెడయ్యేట్టుంది. సరిగ్గా అప్పుడే టొరంటో వైపు నుంచి ఒక కంపెనీ వాళ్ళు వచ్చి, బిల్డింగు మాకమ్మండి, లోపల గోడలు కట్టి స్టూడెంట్లకి గదులు చేసి అద్దెకిచ్చుకుంటాం, మంచి ధర ఇస్తాం అన్నారు. ఊరు రెండుగా చీలింది. అమ్ముదామనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, మరమ్మతుల భారానికి భయపడ్డారు. మా ఇల్లు కూడా చీలింది. నిజామాబాద్ అమ్మాయి బాబాయి కొడుకు అప్పుడు వాటర్లూలో ఎవరి హాల్లోనో నేల మీద పడుకుంటున్నాడు. "గదులైతే మా తమ్మునికి మంచం దొరుకుతది గదా అమ్మమ్మా" అంది ఆ పిల్ల ఒకరోజు, తల వంచుకుని. అత్తగారు ఆ మంగళవారం అల్లింది అల్లినట్టే విప్పేశారు. నాకు ఆవిడ బాధ తెలుస్తూనే ఉంది. మంగళవారాలు పోతే ఆవిడకి ఇక్కడ ఏమీ మిగలదు, మళ్ళీ ఆ గోడలూ నేనే. అప్పుడు ఆవిడని ఆపడానికి మా దగ్గర ఏ మాటా ఉండదు. మంచం లేని పిల్లవాడి ముందు తన మంగళవారాల గురించి మాట్లాడ్డానికి ఆవిడకి నోరు రాలేదు. మా ఆయన మళ్ళీ టికెట్ల వెబ్‌సైట్ తెరిచి కూర్చోవడం ఒకసారి చూశాను. చూడనట్టు వెళ్ళిపోయాను.

మీటింగు ఒక శనివారం మధ్యాహ్నం పబ్బులోనే పెట్టారు. హీటింగ్ లేదుగా, అందరం కోట్లతోనే కూర్చున్నాం. కౌంటర్ వెనక టీ పోసే వంతు నాది. అత్తగారు ముందు వరసలో, ఒక పక్క పక్కింటి రైతు, ఇంకో పక్క చెప్పింది చెప్పినట్టు వినిపించడానికి నిజామాబాద్ అమ్మాయి. అధ్యక్షురాలు రిటైరైన స్కూలు టీచరు. వాదనలన్నీ అయ్యాక ఆవిడ లేచి, అమ్మేసి మూసేద్దాం అనేవాళ్ళు చేతులెత్తండి అంది. చేతులు లేస్తున్నాయి, కాసిన్ని కాదు. అత్తగారు తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తున్నారు. ఆ ఊళ్ళో తాళం వేసిన చెయ్యి అది. చర్చిలో సాక్ష్యం చెప్పే అలవాటు కాబట్టి, ఆవిడకి మెల్లగా మాట్లాడ్డం రాదు. హాలంతా వినపడేలా, "దీన్ని మూయడానికి నాకు చెయ్యి రావట్లేదే తల్లీ" అన్నారు.

అందరూ ఇటు తిరిగారు. ఏమంటున్నారు ఆవిడ, అంది అధ్యక్షురాలు. నిజామాబాద్ అమ్మాయి ఇంతమంది తనకేసి చూసేసరికి గాభరాపడి లేచి నిలబడి, "టు క్లోజ్ ఇట్, హర్ హ్యాండ్ ఈజ్ నాట్ కమింగ్" అంది. మాట మాటకీ సరిగ్గానే చెప్పింది, అదే వచ్చిన చిక్కు. "అయ్యో, భుజం నొప్పా? నాదీ అంతే, చలికాలంలో పైకి లేవదు" అని అధ్యక్షురాలు జాలిపడి, "పక్కనున్నవాళ్ళు ఎవరైనా ఆవిడ చెయ్యి ఎత్తిపెట్టండి, ఓటు పోకూడదు" అంది. పక్కనున్నది రైతు. పబ్బు మూయకూడదని ఊరంతా తిరిగి చెప్పినవాడు ఆయనే. మా అత్తగారు మూయడానికే ఓటేస్తున్నారని అనుకుని ఆయన మొహం ఎంత చిన్నబోయిందో నేను కౌంటర్ వెనక నుంచి చూశాను. అయినా ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ మోచేతి కింద తన చెయ్యి పెట్టి, గాజు బొమ్మని ఎత్తినట్టు మెల్లగా పైకెత్తి పట్టుకున్నాడు. తన పబ్బుని తన చేత్తోనే మూసేస్తున్నానని అనుకుంటూనే ఆ పని చేశాడు. మనిషి ఓటంటే అతనికి అంత గౌరవం.

"ఇదేంటే, ఈయన నా చెయ్యి పట్టుకున్నాడు!" అని అత్తగారు కెవ్వుమన్నారు. నేను టీ కెటిల్ పట్టుకునే "నో, నో" అని అరుచుకుంటూ ముందుకొచ్చాను. చెయ్యి బాగానే ఉందని, తెలుగులో చెయ్యి రావట్లేదంటే మనసొప్పుకోవట్లేదని అర్థమని, ఆవిడ మూయొద్దంటున్నారని ఒక్క ఊపిరిలో చెప్పాను. నవ్వు మొదలైంది, కళ్ళనీళ్ళు తుడుచుకునేంత నవ్వు. రైతు మాత్రం నవ్వలేదు. ఎర్రబడ్డ కళ్ళతో ఆవిడ చేతిని ఎంత మెల్లగా ఎత్తాడో అంత మెల్లగా దింపి, టోపీ పెట్టుకున్నాడు. నవ్వు సద్దుమణిగాక, లేచి ఉన్న చేతుల్లో ఒకటి దిగింది. ఎత్తినావిడ కాస్త సిగ్గుపడుతూ, "ఆలోచిస్తే నా హ్యాండ్ కూడా నాట్ కమింగ్" అంది. దాని వెనకే ఇంకొన్ని దిగాయి. ఉంచుదాం అనేవాళ్ళు అని అడిగినప్పుడు మా అత్తగారు ఆరాధనలో ఎత్తినట్టు రెండు చేతులూ ఎత్తారు. ఒకటే లెక్క అని అధ్యక్షురాలు చెప్పాల్సొచ్చింది. పబ్బు ఉండిపోయింది.

అక్కడితో ఆవిడ ఊరుకోలేదు. అందరూ కుర్చీలు సర్దుతుంటే నిజామాబాద్ అమ్మాయి చెయ్యి పట్టుకుని రైతు ముందుకి లాక్కెళ్ళారు. "ఈయనింట్లో మేడ మీద గదులన్నీ ఖాళీ అని ఇక్కడే కూర్చుని చెప్పుకుంటాడు కదే. మీ తమ్ముడికి మంచం ఇస్తాడేమో అడుగు. సరిగ్గా చెప్పు ఈసారి" అన్నారు. ఆ పిల్ల సరిగ్గానే చెప్పింది. ఆదివారానికల్లా తమ్ముడు సూట్‌కేసుతో దిగాడు. ఒక రైతేమిటి, ఉంచుదామని చేతులెత్తినవాళ్ళలో ఖాళీ గదులున్న వాళ్ళందరికీ ఇక తప్పలేదు. మంగళవారం మంగళవారం మా అత్తగారు వాళ్ళకెదురుగా కూర్చుంటున్నారు మరి. పైకప్పు వేసవిలో మేమే ఎక్కి బాగుచేసుకున్నాం, పిల్లలు పెంకులు అందించారు. ఆ కంపెనీ కట్టే గదుల కంటే ఎక్కువమందే మా ఊళ్ళో సర్దుకున్నారని అనిపిస్తుంది నాకు. ఒకరి మొహం ఒకరికి తెలిసే చోటు ఒకటి ఉండబట్టి ఆ పిల్లల్ని నమ్మి ఇంట్లో పెట్టుకున్నారు. టికెట్ల మాట మళ్ళీ మా ఇంట్లో రాలేదు.

ఆవిడ పోయి ఇది రెండో చలికాలం. సమాధి ఇక్కడే, మొక్కజొన్న చేల పక్కన. నిజామాబాద్ అమ్మాయి ఎడ్మంటన్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. అక్కడి చలిని తిట్టడానికి ఫోన్ చేస్తుంది. అత్తగారి మాట మాత్రం ఊళ్ళో ఉండిపోయింది. ముసలి కుక్కని డాక్టరు దగ్గరికి చివరిసారి తీసుకెళ్ళాల్సినవాళ్ళూ, ఇల్లు అమ్మకం బోర్డు పాతాల్సినవాళ్ళూ పబ్బుకొచ్చి, హ్యాండ్ ఈజ్ నాట్ కమింగ్ అని కూలబడతారు. ఎవరో ఒకరు లేచి, మోచేతి కింద చెయ్యి పెడతారు.

శనివారం భోజనాలయ్యాక రైతు మళ్ళీ ఆ గోడ దగ్గరికే వెళ్ళాడు. శాలువా తియ్యలేదు. దాని చుట్టూ, అంచుకి తగలకుండా, చిన్న బ్రష్షుతో జాగ్రత్తగా రంగు వేసుకుంటూ పోయాడు. ఇప్పుడు గోడంతా కొత్త రంగు, శాలువా వెనక మాత్రం ఆవిడ చూసిన పాత రంగే ఉంది. సోమవారం పొద్దున బస్సు కోసం వచ్చిన తెనాలి పిల్ల దాన్ని కప్పుకుని కూర్చుని, బస్సు రాగానే జాగ్రత్తగా మళ్ళీ కొక్కేనికి తగిలించి వెళ్ళింది. కాలం అన్నిటి మీదా తన రంగు పూసుకుంటూ పోతుంది, ఎవరి కోసమూ ఆగదు. ఆ ఒక్క కొక్కెం దగ్గర మాత్రం దానికి కూడా చెయ్యి రాలేదు.